బడి నుంచి ఆ ఈమెయిల్ వచ్చినప్పుడు

సెప్టెంబరు సగం దాటగానే మన గ్రూపుల్లో ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "అక్కా, టీచర్ మాట్లాడాలంటోంది, ఏం అడగాలి?" "మా వాడు సర్కిల్ టైమ్‌లో కూర్చోడట, పేరు పెట్టి పిలిస్తే చూడడట." "మా పాప క్లాసులో ఎటో చూస్తూ ఉంటుందని రాశారు, ఇంట్లో బాగానే ఉంటుందే!" ఇవన్నీ రాత్రి పదకొండు దాటాక వచ్చేవే. పిల్లలు పడుకున్నాక, ఆయనకి ఇంకా చెప్పకముందు. గ్రూపులో పెట్టేవాళ్ళు తక్కువ, పర్సనల్‌గా అడిగేవాళ్ళే ఎక్కువ. నేను టెక్సస్‌లో పదేళ్ళుగా ఈ మీటింగుల్లో కూర్చుంటున్నాను. మా అబ్బాయి కోసం కొన్ని, తోడు రమ్మన్నవాళ్ళ కోసం కొన్ని. అడిగిన ప్రతి ఒక్కరికీ అదే మళ్ళీ టైప్ చేసే బదులు ఒకచోట రాసి పెడదామని ఇది. నేను డాక్టర్నీ కాను, లాయర్నీ కాను. కానీ ఈ దేశంలో బడి వ్యవహారం ఎలా నడుస్తుందో తెలియక మన పిల్లలు ఏడాదికి ఏడాది పోగొట్టుకోవడం మాత్రం చాలాసార్లు చూశాను.

మొదట భయం గురించి. ఇక్కడి సీడీసీ 2025లో చెప్పిన లెక్క ప్రకారం ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం గుర్తించారు. ఏడీహెచ్‌డీ అయితే మూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో దాదాపు తొమ్మిది మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. అంటే మీ వాడి క్లాసులో పాతికమంది ఉంటే అందులో మీవాడొక్కడే కాదు. మిగతా అమ్మలు బర్త్‌డే పార్టీలో చెప్పరు, అంతే.

చట్టాలు రెండు

మనవాళ్ళు చాలామంది "ఐఈపీ", "ఫైవ్ ఓ ఫోర్" రెండూ ఒకటే అనుకుంటారు. కావు.

ఫైవ్ ఓ ఫోర్ అన్నది 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్. అది పౌరహక్కుల చట్టం. లోపం ఉందన్న కారణంతో బిడ్డని వెనక్కి నెట్టకూడదు, మిగతా పిల్లలతో సమానంగా చదువుకునే వీలు కల్పించాలి అంటుంది. పరీక్షకి ఎక్కువ టైమ్, ముందు వరసలో సీటు, మధ్యలో లేచి నడిచే వెసులుబాటు, ఇలాంటివి దీని కింద వస్తాయి. ఐఈపీ వేరు. 1975లో వచ్చి, 1990లో ఐడియా అని పేరు మార్చుకున్న చట్టం కింద వచ్చేది. ఇందులో బిడ్డకి తగ్గట్టుగా బోధననే మార్చాలి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పెషల్ టీచర్ దగ్గర రోజుకి ఇన్ని నిమిషాలు అని లెక్క రాసి ఇవ్వాలి. మూడేళ్ళ వయసు నుంచి 21 దాకా, హైస్కూల్ మామూలు డిప్లొమా వచ్చేలోపు, ఇదంతా ఉచితం. మూడేళ్ళలోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ అని వేరే ఏర్పాటు ఉంది.

ఐడియా కింద అర్హతకి 13 విభాగాలున్నాయి. ఆటిజం 1990 నుంచి అందులో ప్రత్యేకంగా ఉంది. ఏడీహెచ్‌డీకి విడిగా పేరు లేదు, "అదర్ హెల్త్ ఇంపెయిర్‌మెంట్" అనే దాని కింద చూస్తారు. ఆ మాట కాగితం మీద చూసి ఒక చెల్లెలు "మా వాడికి ఇంకేదో జబ్బు ఉందంటున్నారక్కా" అని ఏడ్చేసింది. జబ్బు కాదు, ఫారంలో గడి పేరు అది.

ఇంకో సంగతి. డాక్టర్ ఇచ్చే డయాగ్నోసిస్ వేరు, బడి తేల్చే అర్హత వేరు. డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ అపాయింట్‌మెంట్‌కి నెలల తరబడి వెయిటింగ్ ఉంటుంది. అది వచ్చేదాకా బడిని అడగకూడదని ఎక్కడా లేదు. బడి తన ఖర్చుతో తనే పరీక్షలు చేయాలి. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

నోటిమాట కాదు, రాసి ఇవ్వండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. టీచర్‌తో కార్ పికప్ లైన్‌లో "మా వాడిని టెస్ట్ చేస్తారా?" అంటే ఆమె "చూద్దాం" అంటుంది. మంచి మనసుతోనే అంటుంది. కానీ చట్టంలోని గడియారం తిరగాలంటే మీ విన్నపం కాగితం మీద ఉండాలి. ఈమెయిల్ చాలు. ప్రిన్సిపాల్‌కీ, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కీ ఇద్దరికీ పంపండి.

అందులో ఏం రాయాలంటే: బిడ్డ పేరు, తరగతి, పుట్టినతేదీ. "ఐడియా చట్టం కింద, సెక్షన్ 504 కింద మా బిడ్డకి పూర్తి ఇవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను, సమ్మతి పత్రాలు పంపండి" అన్న వాక్యం. తర్వాత మీరు చూసినవి నాలుగైదు, చూసింది చూసినట్టు. "శ్రద్ధ తక్కువ" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "రాసే పని వచ్చేసరికి బల్ల కిందికి దూరుతున్నాడు, పది నిమిషాల హోంవర్క్‌కి గంటన్నర పడుతోంది, ఫైర్ డ్రిల్ ఉందంటే ముందురోజు రాత్రి నిద్రపోడు" అని రాస్తే అర్థమవుతుంది. ఏయే విషయాల్లో చూడాలో కూడా రాయండి: మాట, చదువు, రాత, శ్రద్ధ, తోటిపిల్లలతో మెలగడం, శబ్దాలూ వెలుగుల ఇబ్బంది.

టెక్సస్‌లో రాతపూర్వకంగా అడిగితే 15 బడిరోజుల్లోగా జవాబు ఇవ్వాలి, చేస్తామనైనా, ఎందుకు చేయమో చెప్పైనా. మీరు సంతకం పెట్టాక ఇవాల్యుయేషన్‌కి 45 బడిరోజులు, రిపోర్టు తర్వాత మీటింగ్‌కి 30 రోజులు. కాలిఫోర్నియాలో 15 రోజుల్లో ప్లాన్ ఇవ్వాలి, మీరు ఒప్పుకున్నాక మీటింగ్‌తో సహా 60 రోజులు. న్యూజెర్సీలో అడిగిన 20 రోజుల్లో కూర్చోబెట్టి మాట్లాడాలి, ఒప్పుకున్నాక మొత్తం 90 రోజులు. రాష్ట్రానికి సొంత గడువు లేకపోతే కేంద్ర చట్టంలోని 60 రోజుల గడువు వర్తిస్తుంది. మీ రాష్ట్రం గడువు చూసుకుని ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇక బడివాళ్ళ నోట తరచుగా వినే మాటలు. "ముందు ఆర్టీఐ చేసి చూద్దాం, కొన్నాళ్ళు ఆగండి." అంటే చిన్న గ్రూపులో అదనపు బోధన. అది చేయొచ్చు, మంచిదే. కానీ దాన్ని చూపించి ఇవాల్యుయేషన్ వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకి రాసింది. రెండోది, "గ్రేడ్లు బాగున్నాయి కదా, క్వాలిఫై అవ్వడు." ఇది మన పిల్లల విషయంలో ఎక్కువగా వింటాం. మనం ఇంట్లో కూర్చోబెట్టి రాత్రి పది దాకా చేయించి పంపే హోంవర్కు చూసి వాళ్ళు అలా అంటారు. ఫెయిల్ కాకపోయినా, పై తరగతికి వెళుతూనే ఉన్నా అర్హత ఉండొచ్చని ఐడియా నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఏడీహెచ్‌డీ పిల్లల గురించి 2016లో పౌరహక్కుల కార్యాలయం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మార్కులొక్కటే చూసి తేల్చొద్దన్నాయి. మూడోది మందుల గురించి. ఏడీహెచ్‌డీ మందు వాడితేనే బడికి రానిస్తాం అనే హక్కు బడికి లేదు, 2004 సవరణలో అది నిషేధించారు. వాడాలా వద్దా అన్నది మీరూ మీ డాక్టరూ తేల్చుకునేది. వాడి కుదుటపడ్డా 504 రక్షణ పోదు.

బడివాళ్ళ రిపోర్టు మీకు నచ్చకపోతే, బయటి నిపుణులతో బడి ఖర్చు మీద మళ్ళీ చేయించమని అడగొచ్చు. దానికి బడి ఒప్పుకోవాలి, లేదంటే తమ రిపోర్టు సరైనదే అని విచారణలో నిరూపించుకోవాలి. ఊరికే "కుదరదు" అనడానికి లేదు.

టెక్సస్ కథ ఒకటి

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇది చెప్పాలి. 2004లో ఇక్కడి రాష్ట్ర విద్యా ఏజెన్సీ ఒక లెక్క పెట్టింది: డిస్ట్రిక్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం ఉంటే చాలు అని. దేశం మొత్తం మీద అప్పుడు 13 శాతం దాకా ఉంటే ఇక్కడ 8.5. ఆ అంకె దాటిన డిస్ట్రిక్టులకి తనిఖీల్లో చెడ్డ మార్కులు. దాంతో ఏళ్ళ తరబడి పిల్లల్ని ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2017లో శాసనసభ ఆ లెక్కని నిషేధించింది. 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ విచారించి, రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది.

ఆ రోజుల్లో మన అమ్మలు చాలామంది "మన పెంపకంలోనే ఏదో తేడా ఉంది" అనుకుంటూ ఇంటికొచ్చారు. వాళ్ళని వెనక్కి పంపింది ఒక అంకె అని వాళ్ళకి తెలీదు. మీ వాడు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నా, చిన్నప్పుడు ఒకసారి కాదన్నారని ఆగిపోయి ఉంటే, ఇప్పుడు మళ్ళీ అడగొచ్చు.

బల్లకి అటు ఎనిమిది మంది

మీటింగ్‌ని టెక్సస్‌లో "ఆర్డ్" అంటారు, మిగతాచోట్ల ఐఈపీ మీటింగ్. క్లాస్ టీచర్, స్పెషల్ టీచర్, డిస్ట్రిక్ట్ తరఫున మాట ఇవ్వగల మనిషి, రిపోర్టు వివరించే సైకాలజిస్టు, థెరపిస్టులు. అటు ఎనిమిది మంది, ఇటు మనం. మనం గురువు దైవసమానం అని పెరిగినవాళ్ళం. వాళ్ళు గబగబా చదువుకుంటూ పోతారు, మనం తల ఊపి "థ్యాంక్యూ సో మచ్" చెప్పి సంతకం పెట్టి వచ్చేస్తాం. కారెక్కాక గుర్తొస్తాయి అడగాల్సినవన్నీ.

చట్టం ప్రకారం మీరు అతిథి కాదు, ఆ బృందంలో సభ్యురాలు. మీటింగ్‌కి కొన్ని రోజుల ముందే డ్రాఫ్టూ రిపోర్టూ పంపమని రాయండి. బిడ్డ గురించి తెలిసినవాళ్ళని ఎవరినైనా వెంట తీసుకెళ్ళొచ్చు, అక్కచెల్లెళ్ళైనా, స్నేహితురాలైనా, థెరపిస్టైనా. ఊరికే పక్కన కూర్చుని నోట్స్ రాసుకునే మనిషి ఒకరుంటే గదిలో గాలే మారిపోతుంది, ఇది నేను పందెం కాసి చెప్తాను.

ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడలేమని వెనకాడే అమ్మలకి ఒక మాట. తల్లిదండ్రులకి మీటింగులో జరిగేది అర్థమయ్యేలా చూడటం బడి బాధ్యత, అవసరమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాలి, డబ్బు మీరు కట్టక్కర్లేదు. ముందుగా ఈమెయిల్‌లో అడగండి. చాలాసార్లు ఫోన్ మీద ఇస్తారు. "ఆయనకి ఇంగ్లీష్ వచ్చు కదా, ఆయన వెళ్తాడులే" అని ఇంట్లో ఉండిపోవద్దు. బిడ్డ ఉదయం ఆరింటికి సాక్సు కుట్టు గుచ్చుకుంటోందని ఎందుకు ఏడుస్తాడో తెలిసింది మీకు.

అక్కడికక్కడ సంతకం పెట్టాలని లేదు. టెక్సస్‌లో ఒప్పుకోకపోతే మీటింగ్‌ని పది బడిరోజుల దాకా ఆపి మళ్ళీ కూర్చోమని అడిగే పద్ధతి ఉంది. బడి దేన్నైనా కాదంటే, ఎందుకు కాదన్నదో, దేని ఆధారంగానో రాసి ఇవ్వమనండి. "ప్రయర్ రిటెన్ నోటీస్" అని అడిగితే వాళ్ళకి అర్థమవుతుంది. మర్యాదగా, చిరునవ్వుతోనే అడగొచ్చు. ఆ మూడు ముక్కలు అన్నాక "కుదరదు" అన్నది "ఆలోచిస్తాం" అవడం నేను చూశాను.

లక్ష్యాల పేజీ మాత్రం జాగ్రత్తగా చదవండి. "శ్రద్ధ మెరుగుపరుచుకుంటాడు" అన్నది లక్ష్యం కాదు, దీవెన. "ఒక గుర్తు చేస్తే చాలు, 12 నిమిషాలు రాతపని కొనసాగిస్తాడు, ఐదు రోజుల్లో నాలుగు రోజులు, మే నాటికి" అన్నది లక్ష్యం. ఇప్పుడు ఎన్ని నిమిషాలు కూర్చుంటున్నాడో కూడా అక్కడే ఉండాలి, లేకపోతే పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

పోయినేడాది లక్ష్యాలే ఈ ఏడాదీ అచ్చంగా వస్తే ఊరుకోవద్దు. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక అబ్బాయికి సరిగ్గా ఇదే జరిగింది. ఏటా అవే లక్ష్యాలు, ఎదుగుదల లేదు. తల్లిదండ్రులు నాలుగో తరగతి తర్వాత ప్రైవేటు బడిలో వేసి, ఖర్చు డిస్ట్రిక్ట్ ఇవ్వాలని కోర్టుకెళ్ళారు. కింది కోర్టులు, ఏమీ లేనిదానికన్నా కాస్త ఎక్కువ లాభం ఉంటే చాలన్నాయి. సుప్రీం కోర్టు 2017 మార్చిలో ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఆ మాట కొట్టేసింది. బిడ్డ పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ప్లాన్ ఉండాలంది. ఎండ్రూ ఎఫ్ కేసు అంటారు దాన్ని. మీటింగులో కేసులు చదవక్కర్లేదు గానీ, "ఎండ్రూ ఎఫ్ ప్రకారం ఇది తగిన ప్రగతేనా?" అని ఒక్క ప్రశ్న వేస్తే, ఈవిడ చదువుకుని వచ్చిందని తెలుస్తుంది.

క్లాసులో నిజంగా పనికొచ్చేవి

పెద్ద పెద్దవేం కావు. రోజు కార్యక్రమం బొమ్మలతో బల్ల మీద అంటించడం. ఏదైనా మారేముందు ఐదు నిమిషాలు ముందే చెప్పడం. ఇరవై లెక్కల పేజీని మడిచి ఐదేసి ఇవ్వడం. నోటితో చెప్పినదాన్ని బోర్డు మీద కూడా రాయడం. "బ్రేక్" అని రాసిన కార్డు చూపిస్తే అడగకుండా రెండు నిమిషాలు బయటికి పంపడం. తలుపుకి, కిటికీకి దూరంగా సీటు. ఫైర్ డ్రిల్‌కి ముందు చెవులకి హెడ్‌ఫోన్స్. రాత కష్టమైతే టైపింగ్.

రీసెస్ కోసేయడం గురించి గట్టిగా అడగండి. పని పూర్తిచేయలేదని ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడి ఆటల పీరియడ్ తీసేస్తే, మధ్యాహ్నం వాడు కూర్చోగలిగేది కూడా కూర్చోలేడు. తీయకూడదని ప్లాన్‌లో రాయించండి. క్యాంటీన్ గురించి కూడా. మనవాళ్ళలో పెరుగన్నం తప్ప ఇంకేం తినని పిల్లలు ఎంతమందో! ఆ హోరు, ఆ వాసనలు, పక్కవాడు డబ్బాలోకి చూసి ముక్కు మూసుకోవడం. తినకుండా వచ్చే పిల్లవాడు రెండింటికి ఏ పాఠం వింటాడు? నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక స్నేహితుడితో కలిసి తినే ఏర్పాటు అడగొచ్చు, ఇస్తారు.

ఇంకొకటి, మన ఉద్యోగాల మీద పడేది. "ఈరోజు బాగా అల్లరిగా ఉన్నాడు, వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోన్. వారానికి రెండుసార్లు. మీటింగులోంచి లేచి పరుగెత్తి, ఆఖరికి ఉద్యోగం మానేసిన అమ్మలున్నారు. కాగితం మీద లేకుండా ఇలా ఇంటికి పంపడం కూడా సస్పెన్షన్ లెక్కలోకి రావచ్చని ఫెడరల్ విద్యాశాఖ 2022లో చెప్పింది. సస్పెన్షన్లు మొత్తం పది బడిరోజులు దాటితే, ఆ ప్రవర్తన బిడ్డ లోపం వల్ల వచ్చిందా అని కూర్చుని తేల్చాల్సిన అవసరం రావచ్చు. కాబట్టి తీసుకొచ్చిన ప్రతిసారీ ఆ సాయంత్రమే ఒక ఈమెయిల్ పంపండి: "ఈరోజు 11:40కి మీరు పిలిస్తే వచ్చి తీసుకెళ్ళాను." అంతే, ఇంకేం రాయక్కర్లేదు. పదిసార్లు అలా రాశాక, ప్రవర్తన మీద ప్లాన్ వేద్దామని బడే అంటుంది.

తెలుగు మానేయాలా?

ఇది నా గుండెలో ఉన్న విషయం, కాస్త ఎక్కువ రాస్తాను.

మాట ఆలస్యమైందనగానే ఎవరో ఒకరు, డాక్టరో, డేకేర్ టీచరో, మన పక్కింటావిడో, "ఇంట్లో ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలతో తికమక పడుతున్నాడు" అంటారు. ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగు ఆగిపోతుంది. అమ్మ తన విరిగిన ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడుతుంది. లాలిపాట పోతుంది. "బుజ్జీ, బంగారం, తిన్నావా" పోతుంది, "ఈట్ ఫుడ్, సిట్ డౌన్, నో" మిగులుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఆరు నెలలూ మనవడితో ఒక్క మాట ఆడకుండా సోఫా చివర కూర్చుంటుంది, పాపం, తన మాటతో బిడ్డకి చెడు జరుగుతుందేమోనని.

ఆటిజం ఉన్న పిల్లల్లో రెండు భాషలు వింటూ పెరిగినవాళ్ళనీ, ఒక్క భాషతో పెరిగినవాళ్ళనీ పోల్చి చూసిన పరిశోధనలు చాలా వచ్చాయి. రెండు భాషలవల్ల మాట ఇంకా వెనకపడుతుందని అవి చూపించలేదు. ఆలోచిస్తే సబబే. మాట నేర్చుకోవాలంటే బిడ్డకి కావలసింది ఎదుటివాళ్ళు ఇష్టంగా, ధారాళంగా, రోజంతా మాట్లాడటం. అది మనకి వచ్చిన భాషలోనే కదా చేయగలం. బడిలో స్పీచ్ థెరపిస్టుకి మీ ఇంటిభాష తెలుగు అని చెప్పండి. ఇంట్లో వాడికొచ్చిన తెలుగు మాటల జాబితా రాసి ఇవ్వండి. ఇంగ్లీషులో పదిమాటలు, తెలుగులో ముప్పై వస్తే వాడికి నలభై మాటలొచ్చినట్టు, పది కాదు. మాటల బదులు బొమ్మల ట్యాబ్ వాడే పిల్లలకి కూడా అందులో "అమ్మమ్మ", "నీళ్ళు", "వద్దు" అని మీ గొంతుతో రికార్డు చేసి పెట్టే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది.

నోరు మెదపని ఆడపిల్లలు

మగపిల్లవాడు కుర్చీ పడేస్తే అందరూ చూస్తారు. ఆడపిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. ఏడీహెచ్‌డీలో గెంతే రకం ఒకటే లేదు, శ్రద్ధ జారిపోయే రకం కూడా ఉంది, ఆడపిల్లల్లో అది ఎక్కువగా కనపడకుండా పోతుంది. ఆటిజంలోనూ అంతే, పక్క పిల్లల్ని చూసి నవ్వడం, తల ఊపడం కాపీ కొట్టి నెట్టుకొస్తారు. ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుని ఏడుస్తారు. ఏడో తరగతికి వచ్చేసరికి "టీనేజ్ మూడ్స్" అని మనమే సరిపెట్టుకుంటాం. గిఫ్టెడ్ క్లాసులో ఉన్న పిల్లకి ఏడీహెచ్‌డీ ఉండదని లేదు. రెండూ ఉండే పిల్లలున్నారు, వాళ్ళే అందరికన్నా ఆలస్యంగా దొరుకుతారు.

ఇంట్లో మాటలు, ఫోన్ మాటలు

"వాళ్ళ నాన్నకి కూడా నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదు." "దిష్టి తీయించు." "అమెరికాలో అన్నిటికీ పేర్లు పెడతారు." అత్తగారి ఫోన్ ఇలా ఉంటుంది. ఆవిడది ప్రేమే, కాదనను. దిష్టి తీయండి, నష్టం లేదు, ఆ సాయంత్రమే ఈమెయిల్ కూడా పంపండి.

టీకాల వల్ల ఆటిజం అని ఇప్పటికీ గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. ఆ మాటకి మూలం 1998లో లాన్సెట్‌లో వచ్చిన పన్నెండు మంది పిల్లల పేపరు. దాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, రాసినాయన డాక్టరీ లైసెన్సు పోయింది. లక్షలమంది పిల్లల మీద చేసిన పరిశీలనల్లో అలాంటి సంబంధం కనపడలేదు. అలాగే ఆటిజాన్ని "నయం చేస్తాం" అనే స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు, కిలేషన్, ఆక్సిజన్ చాంబర్లు. ఆటిజానికి వీటిలో దేన్నీ ఇక్కడి ఎఫ్‌డీఏ ఆమోదించలేదు, పైగా హెచ్చరించింది. సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు లక్షలు పోసి చేయించుకొచ్చేవాళ్ళు ఉన్నారని వింటే కడుపు రగిలిపోతుంది.

వీసా భయం ఇంకోటి. "ఐఈపీ ఉంటే గ్రీన్‌కార్డు రాదా?" రాకుండా పోదు. బడి సేవలకి ఇమ్మిగ్రేషన్ హోదాతో పని లేదు. పత్రాలు లేని పిల్లల్ని కూడా బడిలో చేర్చుకోవాల్సిందేనని సుప్రీం కోర్టు 1982లోనే తీర్పిచ్చింది. హెచ్4 పిల్లలకి బడిలో హక్కులు పూర్తిగా ఉంటాయి. మెడికెయిడ్ లాంటి ప్రభుత్వ పథకాల దగ్గర మాత్రం హోదా అడ్డొస్తుంది, అది వేరే లెక్క, దాన్నీ దీన్నీ కలిపి భయపడొద్దు. కాలేజీల సంగతికొస్తే, అడ్మిషన్‌కి ముందు లోపం గురించి వాళ్ళు అడగకూడదు. పైగా ఎస్‌ఏటీలో ఎక్కువ టైమ్ కావాలంటే బడిలో ముందునుంచీ ప్లాన్ ఉండటం మంచిది.

ఊరు మారితే

మనవి కాంట్రాక్టు బతుకులు, రెండేళ్ళకోసారి రాష్ట్రం మారతాం. కొత్త బడి తన ప్లాన్ తయారుచేసేదాకా పాత ఐఈపీలో ఉన్నలాంటి సేవలు ఇవ్వాలి. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని చేతిసామానులో తీసుకెళ్ళండి, మూవర్స్ ట్రక్కులో వేయకండి. ప్రైవేటు బడిలో మీరే చేర్పిస్తే ఈ హక్కులు చాలావరకు ఉండవు, అది తెలుసుకునే చేర్పించండి.

తిరిగి ఇండియా వెళ్ళేవాళ్ళకి: అక్కడి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 లోపాల జాబితా ఉంది. ఆటిజం అందులో ఉంది, డిస్లెక్సియా లాంటివీ ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. 40 శాతం పైన అని సర్టిఫికెట్ ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. ఇక్కడి ఐఈపీని అక్కడి బడి పాటించాలని ఏమీ లేదు, కానీ రిపోర్టులు చాలా పనికొస్తాయి. హైదరాబాద్ వైపు వెళ్ళేవాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1984 నుంచి పనిచేస్తోంది. సీబీఎస్ఈ పరీక్షల్లో ఎక్కువ సమయం, రాసిపెట్టే మనిషి లాంటి రాయితీలు ఉన్నాయి, బోర్డు పరీక్ష ఏడాదిలో కాదు, తొమ్మిదిలో చేరినప్పుడే బడితో మాట్లాడుకోండి.

బ్రిటన్‌లో ఉన్న మన చెల్లెళ్ళు అడుగుతున్నారు: ఇంగ్లండ్‌లో దీన్ని ఈహెచ్‌సీ ప్లాన్ అంటారు, బడిని కాదు, కౌన్సిల్‌ని అడగాలి, ఇవ్వాలనుకుంటే 20 వారాల్లో తేల్చాలి. అక్కడ ఉన్నవాళ్ళెవరైనా దాని గురించి వచ్చే నెల రాస్తే బాగుంటుంది.

చివరిగా, వేసవి టికెట్లు కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి. సెలవుల్లో నేర్చుకున్నది బాగా మర్చిపోయే పిల్లలకి ఎక్స్‌టెండెడ్ స్కూల్ ఇయర్ అని వేసవిలో కూడా బడి సేవలు అడగొచ్చు. అది ఐఈపీ మీటింగ్‌లోనే తేలాలి, మేలో గుర్తొస్తే ఆలస్యమైపోతుంది. తేదీలు తెలుసుకుని, ఆ వారాలు అయ్యాక బయలుదేరేలా టికెట్లు చూసుకోండి.